దోమ కుట్టిన చోట ఏం రాయాలి?

వేసవి సెలవులకు అమెరికా నుంచి విజయవాడో వరంగలో వెళ్లిన పిల్లల కాళ్లు రెండు రోజులు తిరక్కుండానే దద్దుర్లతో నిండిపోతాయి. అదే గదిలో, అదే ఫ్యాను కింద పడుకున్న పిన్ని పిల్లల ఒంటిమీద చిన్న మచ్చ కూడా కనబడదు. "మీ రక్తం తియ్యగా ఉందర్రా, అందుకే దోమలు మిమ్మల్నే పట్టుకున్నాయి" అని పెద్దవాళ్లు నవ్వేస్తారు. నిజానికి దోమలు పిన్ని పిల్లలనూ కుట్టే ఉంటాయి. తేడా అంతా ఒళ్లు దానికి బదులిచ్చే తీరులో ఉంది. ఆడదోమ రక్తం పీల్చేటప్పుడు అది గడ్డకట్టకుండా తన లాలాజలాన్ని చర్మంలోకి వదులుతుంది. అందులోని ప్రోటీన్లను మన రోగనిరోధక వ్యవస్థ పరాయివని పసిగట్టి, చర్మంలోని మాస్ట్ కణాల చేత హిస్టమిన్ లాంటి పదార్థాలను విడుదల చేయిస్తుంది. అప్పుడే దద్దురు లేస్తుంది, దురద మొదలవుతుంది. ఈ స్పందనకు దశలున్నాయని కెన్నెత్ మెలన్‌బీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1946లోనే చెప్పాడు. మొట్టమొదటి కాట్లకు ఏమీ ఉండదు. తర్వాత ఆలస్యంగా దద్దురు వస్తుంది, ఆపైన కుట్టగానే వస్తుంది, బాగా అలవాటు పడ్డాక మళ్లీ ఏమీ రాదు. పిన్ని పిల్లలు ఆ చివరి మెట్టుకు దగ్గర్లో ఉన్నారు, సెలవులకు వచ్చిన పిల్లలు ఇంకా మధ్యలో ఉన్నారు.

దురద పుట్టించేది మన ఒళ్లేనని ఒప్పుకుంటే ఇంకో సంగతీ ఒప్పుకోక తప్పదు. దురద తెలిసేసరికే దోమ వదిలింది లోపలికి చేరిపోయి ఉంటుంది. పైన పసరు పూసినా, ట్యూబులోది పూసినా అది దాన్ని బయటికి లాగలేదు. మరి మందు వల్ల ప్రయోజనమేమిటి? నా లెక్కలో ఒక్కటే: దద్దురు తనంతట తాను అణిగేదాకా చెయ్యి అక్కడికి పోకుండా ఆపడం. గోకితే హాయిగా ఉంటుందన్న మాట నిజమే, గోకుడు వల్ల కలిగే చిన్న నొప్పి దురదను కాసేపు కప్పేస్తుంది. కానీ ఆ నొప్పిని తగ్గించడానికి మెదడు వదిలే సెరటోనిన్ వెన్నుపాములోని దురద నాడీకణాలను మళ్లీ రేపుతుందని 2014లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఎలుకల్లో గమనించారు. 2025లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. చెవికి దురద పుట్టించిన ఎలుకల్లో కొన్నిటికి, ఆపరేషనైన కుక్కల మెడకు వేసే గరాటు లాంటి పట్టీలను చిన్నవి చేసి తగిలించారు. గోక్కునే వీలులేని ఎలుకల చెవులు తక్కువ వాచాయి, గోక్కున్నవాటికి వాపు బాగా పెరిగింది. గోకడం వల్ల చర్మం మీద ఒక రకం బాక్టీరియా తగ్గిందని కూడా వాళ్లు చెప్పారు కాబట్టి గోకుడుకూ ఏదో ఒక ప్రయోజనం ఉండొచ్చు. అయితే మురికి గోళ్లతో రక్తం వచ్చేలా గోక్కోవడానికి అది లైసెన్సు కాదు.

చెయ్యి ఆపగలదా, చర్మాన్ని పాడుచేయకుండా ఉండగలదా అన్న ఈ రెండు ప్రశ్నలతో ఇంట్లోని పసుపు డబ్బానీ, ఫార్మసీ అరనీ ఒకే రకంగా పరీక్షించవచ్చు. గుడ్డలో చుట్టిన ఐసు ముక్క పది నిమిషాలు పెడితే రెండింట్లోనూ నెగ్గుతుంది. అమృతాంజనం సంగతి చూద్దాం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఈ పసుపు రంగు లేపనం తలనొప్పికి తయారైనదే.  దోమకాటు మీద దీన్ని రాయడం మన ఇళ్లలో మామూలు. అది మూఢనమ్మకమని కొట్టిపారేయనక్కర్లేదు. అందులోని మెంథాల్, చర్మం నరాల్లో చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. చర్మం చల్లబడకపోయినా మెదడుకు చల్లగా ఉందన్న కబురు వెళ్తుంది, దురద వెనకబడుతుంది. ఆ గ్రాహకాన్ని 2002లో గుర్తించినవాళ్లలో డేవిడ్ జూలియస్ ఒకరు. ఉష్ణ, స్పర్శ గ్రాహకాల మీద చేసిన కృషికి ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అయితే ఇలాంటి లేపనాల్లో కర్పూరం కూడా ఉంటుంది. అది పసిపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. అందుకే అమెరికాలో పైపూతల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని నిబంధన పెట్టారు. దద్దురు చిట్లి ఉంటే ఈ లేపనం జోలికే పోవద్దు.

సున్నం ఈ పరీక్షలో తప్పుతుంది. తేనెటీగ కుట్టినా, తేలు కుట్టినా సున్నం రాయమనడం వెనక ఒక తర్కం ఉంది: విషం ఆమ్లం, సున్నం క్షారం, ఒకదానికొకటి విరుగుడు. వినడానికి బాగుంటుంది. కానీ తేనెటీగ విషంలో నొప్పికి ముఖ్య కారణం మెలిటిన్ అనే పెప్టైడు, ఆమ్లం కాదు. డాలస్, హ్యూస్టన్ పెరళ్లలో కుట్టే ఫైర్ యాంట్స్ విషంలో ఎక్కువ భాగం ఆల్కలాయిడ్లే, అంటే అది క్షారం వైపుది. పైగా సున్నం పీహెచ్ 12 దాటుతుంది, చర్మాన్ని కాల్చేస్తుంది. వంటసోడా ముద్ద అంత ఘాటైనది కాదు. చెంచాడు సోడాలో కొంచెం నీళ్లు కలిపి పట్టించి, పది నిమిషాలాగి కడిగేయమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతుంది. పసుపు సగం నెగ్గుతుంది. దానివల్ల హాని తక్కువే, కానీ అందులోని కర్క్యుమిన్ చర్మం లోపలికి అంత సులువుగా దిగదు. ఇక్కడ చాలామంది పేటెంటు కథ ఎత్తుతారు. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన దేశపు శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు మనకు గర్వకారణమే. అయితే ఆ కేసులో తేలింది ఆ వాడకం కొత్తది కాదని మాత్రమే. పసుపు ఎంతమేరకు పనిచేస్తుందన్నది అక్కడ తేలాల్సిన విషయమే కాదు.

"తరతరాల అనుభవం అబద్ధమా?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ దద్దురు ఏమీ రాయకపోయినా కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినట్టు, ఏది రాస్తే దానికే పేరొస్తుంది. ఈ అనుమానం కంపెనీల సరుకుకూ వర్తిస్తుంది. చర్మాన్ని కొద్ది సెకన్లు 50 డిగ్రీల దాకా వేడిచేసే పరికరాలు యూరప్‌లో అమ్ముడవుతున్నాయి. తగ్గిందని వాడినవాళ్లు చెప్పినదే వాటికి ప్రధాన ఆధారం. అది చూసి వేడి చెంచా అద్దుకుంటే బొబ్బ ఖాయం. "ఇంత గొడవెందుకు, మాత్ర వేసుకుంటే పోలేదా?" అంటే, దురద నిద్ర చెడగొట్టేంతగా ఉన్నప్పుడు పోతుంది. సెట్రిజిన్ లాంటివి హిస్టమిన్‌కు నేరుగా అడ్డుపడతాయి, బెనడ్రిల్ అంతగా మగతా తేవు. ఒక శాతం హైడ్రోకార్టిజోన్ క్రీము వాపును తగ్గిస్తుంది. నాలుగు దద్దుర్లకు మాత్రెందుకన్నదే నా అభ్యంతరం.

ఇవన్నీ దురదకు. దురదను బట్టి ప్రమాదాన్ని కొలవలేం. చెయ్యంతా వాచి జ్వరం కూడా వస్తే అది స్కీటర్ సిండ్రోమ్ అనే అలర్జీ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. పెదవులు ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా ఆ క్షణమే 911కి ఫోను చేయాలి. ఇక ఈశాన్య అమెరికా అడవి దారుల్లో అంటుకునే టిక్, ఊళ్లో గేదెలకు పట్టే పిడుదుకు చుట్టమే. అది కుట్టినా చాలాసార్లు దురదే ఉండదు, కానీ లైమ్ వ్యాధిని మోసుకొచ్చేది అదే. దానిమీద లేపనాలు పూయకుండా, సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగేయాలి. 24 గంటల లోపే తీసేస్తే లైమ్ సోకే అవకాశం చాలా తక్కువ. తర్వాత నెల రోజుల్లో అక్కడ ఎర్రటి మచ్చ వలయంలా పాకుతూ కనిపిస్తే, దురద లేకపోయినా సరే, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.