పనిచేసే చేతులను ఖాళీగా కూర్చోబెట్టకండి

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పది సంపుటాలుగా భద్రపరచిన పూల బొమ్మలు ఉన్నాయి. మొత్తం 985 బొమ్మలు. చూసినవాళ్లు అవి కుంచెతో వేసిన చిత్రాలే అనుకుంటారు. అవి రంగు కాగితాలను సన్నగా కత్తిరించి, ఒక్కో ముక్కా అతికించి చేసినవని దగ్గరగా చూస్తేగాని తెలియదు. వాటిని చేసిన మేరీ డెలానీ వృత్తిరీత్యా చిత్రకారిణి కారు. అమ్ముకోవడానికీ చేయలేదు. ఈ పని మొదలుపెట్టేనాటికి ఆమె వయసు 72 ఏళ్లు.

ఆరోగ్య పత్రికలో ఈవిడ కథ ఎందుకు అని మీరు అడగవచ్చు. నర్సులమైన మాకు ఆమె జీవితంలో ఒక ఆరోగ్య పాఠం కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవారికీ, భర్తనో భార్యనో పోగొట్టుకున్నవారికీ, జబ్బుపడి లేచి ఇంటిపట్టున ఉంటున్నవారికీ అది పనికివస్తుంది.

పదిహేడేళ్లకు పెళ్లి, పాతికేళ్లలోపే వైధవ్యం

మేరీ డెలానీ 1700వ సంవత్సరంలో ఇంగ్లండులో పుట్టారు. ఆమెకు 17 ఏళ్లప్పుడు బంధువులు దాదాపు 60 ఏళ్ల వ్యక్తికిచ్చి పెళ్లి చేశారు. ఆమెకు ఇష్టం లేదు, అయినా ఎదురు చెప్పలేకపోయారు. ఆ భర్తకు తాగుడు ఉండేది, గౌట్ అనే కీళ్లజబ్బు కూడా ఉండేది. కొన్నేళ్లకే ఆయన చనిపోయాడు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు నిండలేదు. పిల్లలు లేరు. ఆస్తి కూడా పెద్దగా దక్కలేదు.

తరువాత సుమారు 18 ఏళ్లు ఆమె ఒంటరిగానే ఉన్నారు. అయితే ఆ ఏళ్లలో చేతులు మాత్రం ఖాళీగా లేవు. బొమ్మలు గీశారు, రంగులు వేశారు. గవ్వలు, ఆల్చిప్పలు ఏరి తెచ్చి అలంకరణలు చేశారు. కుట్టుపని, అల్లికపని చేశారు. రాజదర్బారుకు వేసుకువెళ్లే దుస్తులకు పూల డిజైన్లు తానే గీసుకున్నారు. 1740 ప్రాంతంలో తయారైన అలాంటి ఒక దుస్తు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. నల్లని శాటిన్ బట్ట మీద రంగురంగుల పూలు కుట్టి ఉంటాయి. తోటలో పూసిన పువ్వును చూసి గీసినట్టే, ఏది ఏ పువ్వో గుర్తుపట్టేలా ఉంటాయి. ఆ నల్లని నేలను గుర్తుంచుకోండి, మళ్లీ దాని ప్రస్తావన వస్తుంది.

1743లో, తన 43వ ఏట, ఐర్లండుకు చెందిన పాట్రిక్ డెలానీ అనే పాదిరిగారిని ఆమె ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. ఆయన తమ హోదాకు తగినవాడు కాదని ఆమె కుటుంబంవారికి నచ్చలేదు. కానీ ఆ కాపురం చక్కగా సాగింది. డబ్లిన్ దగ్గర వారి ఇల్లు, తోట ఆమె చేతిపనులకు నిలయమయ్యాయి. భర్త ఆ పనులను మెచ్చుకునేవారు, ప్రోత్సహించేవారు.

ఒక స్నేహితురాలు, ఒక బల్ల

1768లో ఆయన చనిపోయారు. ఆమెకు అప్పుడు దాదాపు 68 ఏళ్లు. పాతికేళ్ల తోడు పోయిన బాధ ఎలాంటిదో మేము వేరే చెప్పనక్కరలేదు, మీలో చాలామందికి తెలుసు. తిండి సయించదు, నిద్ర పట్టదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు.

ఆ సమయంలో పోర్ట్‌లాండ్ డచెస్ అనే స్నేహితురాలు ఆమెను అక్కున చేర్చుకుంది. ప్రతి ఏడూ చాలా నెలలు తన ఇంట్లోనే ఉంచుకునేది. ఆ డచెస్‌కు మొక్కలంటే, గవ్వలంటే ప్రాణం. వృక్షశాస్త్రం తెలిసిన పండితులు ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు. ఆమె మేరీ గారిని అతిథిలా కూర్చోబెట్టలేదు, పనిలో కలుపుకుంది.

1772లో ఒక రోజు బల్ల మీద జెరేనియం పువ్వు రాలిపడి ఉందట. పక్కనే ఉన్న ఎర్ర కాగితం రంగు సరిగ్గా ఆ రేకు రంగులాగే ఉందని మేరీ గారు గమనించారట. కత్తెర తీసుకుని కాగితంతో రేకులు కత్తిరించారు. లోపలికి వచ్చిన డచెస్ అవి నిజం రేకులే అనుకుందని చెబుతారు. పని అలా మొదలైంది.

తరువాత పది సంవత్సరాలు ఆమె ఆపలేదు. ముందుగా ఒక కాగితానికి నల్లరంగు పూసేవారు. మొక్కను ఎదురుగా పెట్టుకుని, రేకు, ఆకు, కాడ, పుప్పొడి కాడలు వేటికవి విడివిడిగా కత్తిరించేవారు. లేత రంగు ముక్క మీద ముదురు రంగు ముక్క అతికిస్తూ వెలుగునీడలు తెచ్చేవారు. కావలసిన రంగు కాగితం దొరక్కపోతే తానే రంగు పూసుకునేవారు. ఒక్క పాసిఫ్లోరా పువ్వులోనే 200కు పైగా ముక్కలు ఉన్నాయంటే ఎంత ఓపిక కావాలో ఆలోచించండి. బొమ్మ పూర్తయ్యాక మొక్క శాస్త్రీయ నామం, చేసిన తేదీ, చోటు రాసి పెట్టేవారు. ఆనాటి ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ కూడా ఈ బొమ్మల ఖచ్చితత్వాన్ని ఎంతో మెచ్చుకున్నారు.

నల్లని నేల మీద రంగుల పువ్వు! ముప్ఫై ఏళ్ల కిందట దుస్తుల మీద చేసిన పనే ముసలితనంలో కాగితం మీదికి వచ్చింది. అంటే 72 ఏళ్ల వయసులో ఆమె కొత్తగా పుట్టించిన విద్య కాదు ఇది. చిన్నప్పటి నుండి చేతుల్లో దాచుకున్నదే అవసరానికి ఆదుకుంది.

82 ఏళ్లకు చూపు బాగా మందగించింది. సన్నని పని ఇక చేయలేనని తెలిసి ఆమె ఆపేశారు. 1785లో డచెస్ కూడా చనిపోగా, మూడవ జార్జి రాజు ఆమెకు విండ్సర్‌లో ఒక ఇల్లు, ఏడాదికి 300 పౌండ్ల భృతి ఏర్పాటు చేశారు. 1788లో, 87 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

సూది పట్టలేకపోతే కుంచె

రాజుల స్నేహం, డచెస్ ఇల్లు ఉన్నవారికి ఏదైనా సాగుతుంది, మనకెలా అని కొందరు అనవచ్చు. అలాంటివారి కోసం ఇంకొకరి సంగతి చెబుతాం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఆనా మేరీ మోజెస్ ఒక రైతు భార్య. 1860లో పుట్టారు. జీవితమంతా పొలం పని, ఇంటి పని. 1927లో భర్త పోయారు. తరువాత ఉన్ని దారంతో బొమ్మలు కుట్టేవారు. కీళ్లవాతం వల్ల సూది పట్టుకోవడం కష్టమైంది. కుట్టలేకపోతే రంగులు వేయవచ్చు కదా అని చెల్లెలు అన్న మాట పట్టుకుని, డెబ్బయి ఏళ్లు దాటాక కుంచె పట్టారు.

ఆమె బొమ్మలు ఊళ్లో ఒక మందుల షాపు అద్దాల వెనుక పెట్టి ఉండగా, 1938లో అటుగా వెళ్తున్న ఒక చిత్రాల సేకర్త చూసి కొన్నారు. 1940లో న్యూయార్క్ నగరంలో ఆమె బొమ్మల ప్రదర్శన జరిగింది. లోకమంతా ఆమెను 'గ్రాండ్‌మా మోజెస్' అని పిలిచింది. 1961లో, 101 ఏళ్ల వయసులో ఆమె చనిపోయారు.

పేరు వచ్చిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. చెయ్యి నొప్పి పుట్టినప్పుడు ఆమె పని మానలేదు, పనిముట్టు మార్చుకున్నారు. మా దృష్టిలో అదే గొప్ప సంగతి.

మన ఇళ్లలో ఏం జరుగుతోంది?

వార్డుల్లో మేము తరచు వినే మాట ఒకటుంది: "నీకెందుకమ్మా ఇంకా ఈ పనులు, హాయిగా కూర్చో." పిల్లలు ప్రేమతోనే అంటారు. కానీ యాభై ఏళ్లు పనిచేసిన చేతులను ఒక్కసారిగా ఒళ్లో పెట్టుకుని కూర్చోమంటే ఆ మనిషికి అది విశ్రాంతి కాదు, తానిక ఎవరికీ అక్కరలేదని చెప్పినట్టు వినిపిస్తుంది. వేళ్లు వాడకపోతే బిగుసుకుపోతాయి. మనసు ఒకే దుఃఖం చుట్టూ తిరుగుతూ ఉంటుంది.

పెద్ద పనులు అక్కరలేదు. క్రిస్మస్ వస్తే వెదురుబద్దలతో, రంగు కాగితాలతో నక్షత్రం కట్టడం మన పెద్దవాళ్లలో చాలామందికి వచ్చు. పిల్లల నాటకానికి పాత దుప్పటితో గొర్రెల కాపరి అంగీ, అట్టముక్కకు బంగారు కాగితం అంటించి జ్ఞానుల కిరీటం చేయగలిగిన అమ్మమ్మలు ప్రతి పేటలోనూ ఉన్నారు. బజారులో అద్దెకు తెచ్చేముందు ఒకసారి వాళ్లను అడగండి.

ఇంటివారికి మా సూచనలు

1. చిన్నప్పుడు ఏ చేతిపని ఇష్టంగా చేసేవారో అడిగి తెలుసుకోండి. ముగ్గు, కుట్టు, అల్లిక, బుట్టలు, బొమ్మలు ఏదైనా సరే. తెలిసిన పనితో మొదలుపెడితే సులువు.

2. కిటికీ దగ్గర ఒక చిన్న బల్ల, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీ ఇవ్వండి. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమవైపు నుండి పడాలి. మసకగా కనిపిస్తుంటే వయసు వల్లనే అని వదిలేయకండి. శుక్లాలు కావచ్చు, కళ్లజోడు మార్చవలసి ఉండవచ్చు. మేరీ డెలానీ కాలంలో లేని వైద్యం ఈనాడు మనకు ఉంది, కళ్ల పరీక్ష చేయించండి.

3. కీళ్లనొప్పులు ఉంటే సన్నని పెన్సిలు, కుంచె, కత్తెర పిడులకు మెత్తని గుడ్డ చుట్టి లావు చేయండి. పట్టు సులువవుతుంది. వేళ్లు వాచి, ఎర్రబడి, వేడిగా ఉన్న రోజుల్లో పని ఆపాలి.

4. షుగరు ఉన్నవారికి వేళ్లలో స్పర్శ తగ్గవచ్చు. సూది గుచ్చుకున్నా తెలియదు. దర్జీలు వాడే వేలితొడుగు పెట్టుకోవాలి, పని అయ్యాక చేతులు చూసుకోవాలి. చిన్న గాయాన్ని కూడా నిర్లక్ష్యం చేయకూడదు.

5. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. కళ్లను కాసేపు దూరంగా ఉన్న చెట్టు మీద నిలపాలి.

6. కుంచెను నోట్లో పెట్టి మొన చేసే అలవాటు ఉంటే మాన్పించండి. వార్నిషు, స్ప్రే రంగులు ఆయాసం ఉన్నవారికి పడవు. వాటికి బదులు నీళ్ల రంగులు వాడవచ్చు.

7. "దీనివల్ల ఏం లాభం?" అని అనకండి. చేసినదాన్ని గోడకు పెట్టండి. ఇంటికి వచ్చినవారికి చూపించండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చేతిపని మందులకు బదులు కాదు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, తిండీ నిద్రా పూర్తిగా పోయినా వెంటనే డాక్టరుగారి దగ్గరకు తీసుకురండి. బ్రతకాలని లేదన్న మాట ఒక్కసారి విన్నా ఆలస్యం చేయకండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. అది మనసు జబ్బు, దానికి వైద్యం ఉంది. వైద్యంతోపాటు చేతికి పని కూడా ఉంటే కోలుకోవడానికి అది తోడ్పడుతుంది.

మేరీ డెలానీకి కళ ఉంది, ఓపిక ఉంది. అయినా ఆ 985 పూలు పుట్టడానికి ఇంకొకటి కూడా కావలసి వచ్చింది. అది ఆమె దుఃఖంలో ఉన్నప్పుడు "నువ్వు కూర్చో" అనకుండా, ఎదురుగా ఒక మొక్క తెచ్చిపెట్టిన స్నేహితురాలు. కళ అందరికీ ఉండకపోవచ్చు గాని, ఆ స్నేహితురాలు చేసిన పని మనలో ఎవరైనా చేయగలం. ఈ ఆదివారం మీ ఇంట్లో పెద్దావిడకు నాలుగు రంగు కాగితాలు, ఒక కత్తెర, కాస్త మైదా జిగురు ఇచ్చి, మనవళ్లను పక్కన కూర్చోబెట్టి చూడండి.