లోకములో మిక్కిలి కారమైన మిరపలు

మిరప యనగానే మనకు గుంటూరు సన్నాలు జ్ఞప్తికి వచ్చును. కాని కారములో వాటిని మించిన రకములు అనేకము కలవు. అట్టి విత్తనము తెప్పించి వేసిన లాభము రాదా యని కొందరు రైతు సోదరులు తలచవచ్చును. వేయుటకు ముందు ఈ క్రింది సంగతులు తెలిసికొనుట మంచిది.

కారము - కొలత: మిరప కారమునకు కారణము కాప్సైసిన్ అను పదార్థము. కారమంతయు గింజలలో నుండునని పలువురి నమ్మకము. నిజమునకు గింజలు అంటియుండు తెల్లని భాగములోనే అది తయారగును. 1912లో అమెరికా దేశస్థుడగు విల్బర్ స్కోవిల్, కాయ సారమును పంచదార నీటితో ఎన్ని రెట్లు పలుచన చేసిన కారము నాలుకకు తెలియదో చూచి ఒక కొలత నేర్పరచెను. నేడు యంత్రములతో లెక్కించుచున్నను కొలతకు ఆయన పేరే నిలిచినది.

ఈ కొలతలో గుంటూరు సన్నము సుమారు 35 నుండి 40 వేల యూనిట్లు. అస్సాము, నాగాలాండు, మణిపూరులలో పండు భూత్ జోలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ రికార్డు కెక్కినది. 2013లో అమెరికాలోని కరోలినా రీపర్ 15 లక్షలకు పైబడి దానిని మించినది. 2023లో పెప్పర్ ఎక్స్ సగటున 26 లక్షల 93 వేలతో అగ్రస్థానము పొందినది.

విత్తనముతో కారము రాదు: అస్సాములోని తేజపూరున పండిన భూత్ జోలోకియా విత్తనమునే గ్వాలియరులో పెంచి చూడగా, కారము సగమునకు పైగా తగ్గినది. ఈశాన్యమున తేమ మెండు. గ్వాలియరు పొడి ప్రాంతము. నేల, గాలి, నీరు మారిన కాయ గుణము మారును. కావున రికార్డు విత్తనము కొన్నంత మాత్రమున రికార్డు పంట రాదు.

ధరకు కారమొక్కటే ఆధారము కాదు. కర్ణాటకలోని బ్యాడిగి మిరపకు కారము స్వల్పము. అయినను చక్కని ఎర్రరంగు వలన మంచి గిరాకి కలదు.

జాగ్రత్తలు: కొనువారు ఎవరో ముందుగా విచారించి, కొద్ది సెంట్లలో మాత్రమే వేసి చూడవలెను. తేనెటీగల వలన మిరపలో పరపరాగ సంపర్కము జరుగును గనుక, విత్తనమునకు ఉంచుకొను మీ మిరప మడికి దీనిని కనీసము 200 మీటర్ల దూరమున నాటవలెను.

కాయలు కోయునపుడు, ఎండబోయునపుడు, దంచునపుడు చేతితొడుగులు ధరించి, ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను. కంటిని తాకరాదు. పిల్లలను దరి చేరనీయరాదు. కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, నూనెలో కరగును. చేతులు మండిన మొదట నూనె రాచి, పిదప సబ్బుతో కడుగవలెను. నోరు మండినపుడు నీటికంటె పాలు, పెరుగు మేలు. పందెములకై ఇట్టి కాయలు తినుట ప్రమాదకరము. అమెరికాలో పోటీలో కరోలినా రీపర్ తిన్న ఒకనికి మెదడు రక్తనాళములు కుంచించుకొని తీవ్రమైన తలనొప్పి వచ్చినట్లు 2018లో వైద్యులు ప్రకటించిరి.

పేరు చూచి కాక, నేలను, గిరాకిని చూచి రకము నెంచుకొన్న రైతుకే మిరప లాభసాటి పంట యగును.