శ్వాసనాళముల వాపు: మందు ఎవరికి, ఎప్పుడు?

సార్వా కోతలు ముగిసి నూర్పిళ్లు సాగు దినములలో తణుకు, అత్తిలి, ఇరగవరము ప్రాంతపు గ్రామములందు దగ్గు వినబడని ఇల్లు అరుదు. వేకువను మంచు, పగలు ధాన్యపు దుమ్ము, రాత్రి గడ్డి కాల్చిన పొగ. వీనికి తోడు జలుబు ఒకరినుండి ఒకరికి ప్రాకును. ఊపిరితిత్తులకు గాలిని చేరవేయు నాళముల లోపలి పొర వాచి, కఫము ఊరి, దగ్గు పుట్టుటనే వైద్యులు బ్రాంకైటిస్ అందురు.

ఇట్లు హఠాత్తుగా వచ్చు వాపునకు నూటికి తొంబది పాళ్లు వైరసులే కారణము. బాక్టీరియా వలన కలుగునది స్వల్పము. యాంటీబయాటిక్కులు బాక్టీరియాను అణచునే కాని వైరసును ఏమియు చేయజాలవు. ఇది తెలియకనే మనవారు రెండు రోజులు దగ్గగానే దుకాణమునకు పోయి నాలుగు గొట్టపు మాత్రలు కొని మ్రింగుచున్నారు. కఫము పసుపుపచ్చనైనంత మాత్రమున బాక్టీరియా సోకెనని తలపరాదు. వైరసు వలనను రంగు మారును.

స్వల్ప జ్వరము, ఒళ్లు నొప్పులు వారములో తగ్గును. దగ్గు మాత్రము రెండు మూడు వారములు నిలువవచ్చును. విశ్రాంతి, గోరువెచ్చని నీరు చాలును. ఏడాది దాటిన పిల్లలకు ఒక చెంచా తేనె ఈయవచ్చును. అంతకు చిన్నవారికి తేనె కూడదు. అయితే రెండు వారములు దాటిన దగ్గునకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా కఫపరీక్ష చేయించవలెను. అది క్షయ కావచ్చును.

మందు నిజముగా కావలసినవారు వేరు. ఏండ్ల తరబడి చుట్టలు త్రాగినవారికి, పొగపొయ్యి ఊదిన స్త్రీలకు కఫము చిక్కబడి ఆయాసము హెచ్చినచో వైద్యుడు యాంటీబయాటిక్ వ్రాయవచ్చును. కోరింత దగ్గు బాక్టీరియా వలననే వచ్చును. ఆరవ, పదవ, పదునాలుగవ వారములందు వేయు టీకాలు దానినుండి కాపాడును. బిడ్డ డొక్కలెగురవేయుచున్నను, ఏడాదిలోపు శిశువు నిమిషమునకు ఏబది, అయిదేండ్లలోపు బిడ్డ నలుబది సార్లకు తక్కువ కాకుండ ఊపిరి తీయుచున్నను అది న్యుమోనియా కావచ్చును. తెల్లవారనిండని ఆగక ఆసుపత్రికి చేర్చవలెను.

ఈ మందుల విలువ మన జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యము వహించిన కాలముననే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియైనది; ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూసిరి. నేటి డాక్సీసైక్లిన్ ఆ కుటుంబములోనిదే. (మన ప్రాంతపు బోదకాలునకిచ్చు మందును వారి బృందము రూపొందించినదే.) ఇట్టి మందును అక్కరలేనిచోట వాడినకొలది దానికి లొంగని బాక్టీరియా బలపడును. తుదకు న్యుమోనియా వచ్చిన బిడ్డకు ఆ మందు పనిచేయకపోవును.

వైద్యుని చీటీ లేక యాంటీబయాటిక్ అమ్ముట చట్టవిరుద్ధము. గ్రామసభలో ఈ సంగతి చదివి వినిపించి, మందుల దుకాణదారునకు తెలియజేయుడు. గడ్డిని కాల్చక పశువులకు నిలువచేయుటకు రైతులను ఒప్పింపుడు. ఊకబూడిద ఇండ్లపై పడుచున్నచో మిల్లు యజమానిని సమావేశమునకు పిలిపించి మాట్లాడుడు. దాళ్వా కోతలకు ముందే ఈ పని జరుగుట మంచిది.