ఆకు మందు వాడుతున్నారా? డాక్టరుకు దాచకండి



మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిసిన రోజును ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ఆ మాట సంఘంలో తెలియగానే ఆదరించడానికి వచ్చినవారి చేతుల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఒకరు తిప్పతీగ కషాయం తెస్తారు. ఒకరు గోధుమగడ్డి రసం తాగమంటారు. మరొకరు పసుపు గుళికల సీసా చేతిలో పెట్టి, "మా వదినకు దీనితోనే తగ్గింది" అంటారు. అందరూ ప్రేమతోనే తెస్తారు. రోగి కాదనలేక తీసుకుంటాడు. కానీ ఆస్పత్రిలో డాక్టరుగారు "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే, "ఏమీ లేదండి" అంటాడు. కోప్పడతారేమోనని భయం. ఆకులే కదా, చెప్పడమెందుకన్న తలంపు. ఈ దాపరికం వలన వచ్చే నష్టమేమిటో ఈ దినం ఆలోచిద్దాం.

మొక్కల్లో మందు లేదని నేననడం లేదు. హిజ్కియా రాజు పుండుకు యెషయా అంజూరపు పండ్ల ముద్ద వేయించిన సంగతి రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో మీరు చదివే ఉంటారు. మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుండే విన్‌క్రిస్టీన్ అనే మందు వచ్చింది. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు 1960ల నుండి నేటివరకు దాన్ని ఇస్తున్నారు. అయితే దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిచి, సెలైన్ సూది ద్వారా రక్తంలోకి ఎక్కిస్తారు. మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. అదే ఆకును ఇంట్లో నూరి తాగితే లోపలికి ఎంత వెళ్లిందో ఎవరు చెప్పగలరు? మొక్కలో బలం ఉంది గనుకనే జాగ్రత్త కావాలి.

ఇది ఎలా జరుగుతుందో చూడండి. మనం వాడే చాలా మందులను విరిచి బయటికి పంపే పని కాలేయానిది. కాలేయం మామూలుగా పని చేస్తుందన్న లెక్కతోనే కీమో మోతాదు నిర్ణయిస్తారు. కొన్ని మూలికలు ఆ పనిని వేగం చేస్తాయి. మందు పని చేయకముందే వెళ్లిపోతుంది. కొన్ని నెమ్మది చేస్తాయి. మందు ఒంట్లో పేరుకొని విషమవుతుంది.

ఒక ఉదాహరణ. విదేశాల్లో మనసు దిగులుకు సెయింట్ జాన్స్ వర్ట్ అనే మొక్క గుళికలు వాడతారు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఇరినోటెకాన్‌తో పాటు వాటిని కొందరు రోగులకు ఇచ్చి నెదర్లాండ్స్ వైద్యులు పరీక్షించారు. 2002లో ప్రచురించిన ఆ ఫలితం ప్రకారం, రక్తంలో పని చేసే మందు దాదాపు 42 శాతం తగ్గిపోయింది. ఇంట్లో ఎవరైనా ఇలా చెప్పకుండా వాడితే, మందు ఎందుకు పని చేయడం లేదో డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

మన పసుపు సంగతేమిటని మీరడగవచ్చు. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కరలేదు. గుళికల్లో ఉండేది పసుపులోని సారం, కూరలో కంటే ఎన్నోరెట్లు ఎక్కువ. అది ఒంటికి పట్టాలని మిరియాల సారం కూడా కలుపుతారు. ఆ మిరియాల సారం ఇతర మందుల మోతాదును కూడా మార్చగలదు. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. కీమో వలన తెల్లకణాలు తగ్గినప్పుడు పచ్చి పసరులోని క్రిములు జ్వరం తెప్పించవచ్చు. వెల్లుల్లి గుళికల వంటివి ఆపరేషను సమయంలో రక్తస్రావం పెంచవచ్చు.

అన్నిటికంటే పెద్ద నష్టం, చికిత్స మానేసి వీటినే నమ్ముకోవడం. అమెరికాలో నయం కాగల దశలో ఉన్న రోగుల వివరాలు పరిశీలించి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. వైద్య చికిత్స వద్దని ప్రత్యామ్నాయ మార్గాలే ఎంచుకున్నవారికి మరణ ప్రమాదం రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో అయితే అయిదు రెట్లకు పైనే.

కాబట్టి ఏమి చేయాలి? మీరు తీసుకునే ప్రతి చూర్ణం, కషాయం, గుళిక ఒక కాగితం మీద వ్రాయండి. సీసాలు, పొట్లాలు సంచిలో వేసుకొని డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. "ఇది నా కీమోతో పడుతుందా? ఆపరేషనుకు ఎన్ని రోజుల ముందు మానాలి?" అని అడగండి. కొత్తది ఏదైనా, అడిగిన తరువాతే నోట్లో వేసుకోండి. ఇప్పటికే దాచి ఉంటే సిగ్గుపడకండి; వచ్చేసారి చెప్పండి. ఒంట్లో బాగోలేకపోతే అంతవరకు ఆగక ఈరోజే ఫోను చేయండి.

పరామర్శకు వెళ్లే ప్రియులారా, మీకూ ఒక మనవి. ఈసారి సీసా బదులు, డాక్టరు తినమన్న భోజనం వండి తీసుకెళ్లండి. ఆస్పత్రికి తోడు వెళ్లండి. పక్కన కూర్చొని ప్రార్థించండి. సువార్త వ్రాసిన లూకా వైద్యుడే. వైద్యుని దగ్గర సత్యం చెప్పడం విశ్వాసానికి తక్కువేమీ కాదు.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని ఆదరించి బలపరచును గాక. ఆమేన్.