సంచి కన్నా ముందు లెక్క

రైవాడ జలాశయంలో దిగినా, రుషికొండ దగ్గర సముద్రంలో దిగినా నీటి ఒత్తిడి లెక్క ఇంచుమించు ఒక్కటే. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. ఒడ్డున 1, పది మీటర్ల కింద 2, ఇరవైలో 3, ముప్ఫైలో 4. దేవరాపల్లి నుంచి చోడవరం మీదుగా విశాఖ చేరి, అక్కణ్ణుంచి అండమాన్‌కో మాల్దీవులకో తొలిసారి లివ్‌అబోర్డ్ యాత్రకు బయలుదేరే యువకుడు ముందుగా ఒంటబట్టించుకోవాల్సింది ఈ నాలుగంకెల వరసనే. మాస్కు ఏ కంపెనీది, సంచి ఏ రంగుది అన్నవి తర్వాతి సంగతులు.

లివ్‌అబోర్డ్ అంటే పడవే ఇల్లు. తిండి, నిద్ర, డైవింగ్ అన్నీ అక్కడే. రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లలోకి దిగుతారు. ఏడు రాత్రుల యాత్రలో మామూలుగా 17 నుంచి 20 డైవ్‌లు వస్తాయి. డైవింగ్‌లో తొలి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సులో సముద్రంలో చేయించేది 4 డైవ్‌లు. అంటే కోర్సు మొత్తంలో చేసినదానికి నాలుగైదు రెట్లు ఒక్క వారంలో చేయబోతున్నారు. పక్కన దుకాణం ఉండదు, ఆసుపత్రి ఉండదు. అందుకే నా దృష్టిలో ఈ యాత్రకు అన్నిటికన్నా విలువైన వస్తువు మీ సొంత అంకెలు రాసిపెట్టుకున్న లాగ్‌బుక్.

గాలితో మొదలుపెడదాం. మామూలుగా ఇచ్చే అల్యూమినియం సిలిండర్ లోపలి పరిమాణం 11.1 లీటర్లు. దాన్ని 200 బార్ ఒత్తిడితో నింపితే సుమారు 2,220 లీటర్ల గాలి పడుతుంది. పైకి వచ్చేసరికి 50 బార్ మిగిలి ఉండాలన్నది నియమం కాబట్టి వాడుకోగలిగేది 1,665 లీటర్లే. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతులో 60 లీటర్లు పీలుస్తాడు. అతనికి ఆ గాలి 28 నిమిషాలు కూడా రాదు. నిదానంగా 15 లీటర్లతో సరిపెట్టుకునే మనిషికి 37 నిమిషాలు వస్తుంది. బృందంలో ఒకరి గాలి ముందుగా అయిపోతే, చాలాసార్లు అతనితోపాటు అందరూ తిరుగుముఖం పట్టాల్సి వస్తుంది.

మీ అంకె ఎంతో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒక డైవ్‌లో 150 బార్ ఖర్చయింది, 40 నిమిషాలు పట్టింది, సగటు లోతు 12 మీటర్లు అనుకోండి. 150ని 11.1తో గుణిస్తే 1,665. దాన్ని 40తో భాగిస్తే నిమిషానికి 41.6 లీటర్లు. 12 మీటర్ల దగ్గర పీడనం 2.2 కాబట్టి మళ్లీ 2.2తో భాగిస్తే దాదాపు 19 లీటర్లు. ఇది రాసిపెట్టుకోండి. నాలుగు డైవ్‌ల తర్వాత మళ్లీ లెక్కేయండి. ఈత అలవాటు, నిదానమైన ఊపిరి ఉన్నవాళ్లకు ఈ అంకె దిగుతుంది. ఓపెన్ వాటర్ కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలని, 10 నిమిషాలు తేలాలని అడుగుతారు. యాత్రకు మూడు నెలల ముందు నుంచి వారానికి రెండుసార్లు అంతకు రెండింతలు ఈదగలిగితే మంచిది. ఆ సాధనకు విశాఖ బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. దేవరాపల్లి పక్కనే ఉంది కదా అని రైవాడలో ఒంటరిగా ఈత సాధన చేయొద్దు. ఆ లోతు, ఆ బురద అంచులు సాధనకు తగినవి కావు.

రెండో అంకె నడుముకు కట్టే సీసం. ఉప్పునీరు మంచినీటి కన్నా రెండున్నర శాతం బరువు. మనిషి, సూటు, సామాను కలిసి 90 లీటర్ల నీటిని తోస్తాయనుకుంటే, సముద్రంలో తేలే బలం 2.25 కిలోలు పెరుగుతుంది. కొలనులో నేర్చుకున్న బరువు సముద్రంలో చాలదన్నమాట. ఇంకోటి, గాలికీ బరువుంది. నిండు సిలిండర్‌లోని గాలి రెండున్నర కిలోల పైమాటే. డైవ్ చివరికి అందులో రెండు కిలోలు పోయి ఉంటాయి. పైకి వచ్చే ముందు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాల్సిన సమయంలో పైకి తేలిపోయేది అందుకే. సరైన సీసం ఎంతో 50 బార్ మిగిలిన సిలిండర్‌తో, 5 మీటర్ల దగ్గర చూసుకోవాలి. ఏ మందం సూటుతో ఎన్ని కిలోలు సరిపోయిందో లాగ్‌బుక్‌లో పక్కపక్కన రాయాలి.

మూడోది నత్రజని. అసలు కథంతా దీనితోనే. లోతుకు వెళ్లేకొద్దీ గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. తొందరపడి పైకి వస్తే మూత తీసిన గోళీసోడాలా బుడగలు కడుతుంది. అందుకే నిమిషానికి 9 మీటర్లకు మించి పైకి రావద్దంటారు. నౌకాదళ డైవర్ల పద్ధతి చూడండి. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన ఐఎన్‌ఎస్ నిస్తార్ 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల లోతు వరకు పని చేసే డైవర్ల కోసం కట్టిన ఓడ అది. అందులో డైవర్లు రోజుల తరబడి ఒత్తిడి నింపిన గదుల్లోనే ఉండి, పనంతా అయ్యాక ఒక్కసారే నెమ్మదిగా మామూలు గాలికి అలవాటుపడతారు. సుమారు 30 మీటర్లకు ఒక రోజు పడుతుందని మోటు లెక్క. మనం చేసేది దీనికి పూర్తిగా విరుద్ధం. రోజుకు నాలుగుసార్లు దిగి నాలుగుసార్లు ఎక్కుతాం. ప్రతిసారీ కొంత నత్రజని మిగిలిపోతుంది. మూడో రోజుకు, నాలుగో రోజుకు అది పేరుకుంటుంది. లోపల ఎంత మిగిలిందో కంటికి కనపడదు, ఒంటికి తెలియదు. చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్ ఒక్కటే లెక్క కడుతుంది. కాబట్టి అది మీ సొంతం కావాలి, వారమంతా మీ చేతికే ఉండాలి. స్నేహితుడితో మార్చుకుంటే ఇద్దరి లెక్కలూ తప్పుతాయి.

ఇక్కడే నైట్రాక్స్ అక్కరకు వస్తుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, నైట్రాక్స్‌లో సాధారణంగా 32. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టిక ప్రకారం 18 మీటర్ల దగ్గర తొలి డైవ్‌కు గాలితో 56 నిమిషాలు ఉండొచ్చు, నైట్రాక్స్ 32తో 95 నిమిషాలు. కానీ ఆక్సిజన్ పెరిగినకొద్దీ లోతు హద్దు పైకి జరుగుతుంది. 32 శాతంతో 33 మీటర్లు దాటకూడదు. గాలి ఖర్చును అది తగ్గించదు. వారం పొడవునా నత్రజని తక్కువగా పేరుకుంటుందన్నదే లాభం, ఆ లాభం చిన్నది కాదు. నైట్రాక్స్ కోర్సును, 30 మీటర్ల వరకు అర్హతనిచ్చే అడ్వాన్స్‌డ్ కోర్సును బయలుదేరకముందే పూర్తి చేసుకోమని చెబుతాను. ఓపెన్ వాటర్ హద్దు 18 మీటర్లే, చాలా పడవలు అంతకన్నా లోతైన చోట్లకు తీసుకెళతాయి. మాల్దీవుల చట్టం 30 మీటర్ల దగ్గర గీత గీసింది.

తిరుగు ప్రయాణంలో నత్రజని ఇంకా ఒంట్లోనే ఉంటుంది. విమానం లోపలి గాలి 2,400 మీటర్ల కొండ మీది గాలంత పలచబడవచ్చు. పలు రోజులు వరసగా డైవ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన. నేనైతే 24 గంటలు పెట్టుకోమంటాను. మన ప్రాంతం వాళ్లు అదనంగా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఆ సూచన 600 మీటర్ల పైబడిన ఎత్తులకూ వర్తిస్తుంది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అరకు రైలు దారిలోని శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. రుషికొండలో పొద్దున డైవ్ చేసి సాయంత్రం అనంతగిరి ఘాట్ ఎక్కడం విమానం ఎక్కడంలాగే ప్రమాదకరం. దేవరాపల్లి కొండల పాదాన ఉంది కాబట్టి ఇల్లు చేరడానికి భయం లేదు. పైకి వెళ్లడం మర్నాటికి పెట్టుకోవాలి. ఓడలో వచ్చేవాళ్లకు ఈ నిరీక్షణ అక్కర్లేదు. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి విశాఖకు ప్రయాణికుల ఓడ పట్టే సమయం సుమారు 56 గంటలు, అదీ సముద్రమట్టం మీదే. ఓడ తేదీలు మాత్రం ముందే చూసుకోవాలి.

ఇప్పుడు సంచి. దేశీయ విమానాల్లో మామూలుగా అనుమతించేది 15 కిలోలు, చేతి సంచికి 7. బీసీడీ (గాలి నింపే తేలుడు జాకెట్), రెగ్యులేటర్, ఫిన్స్, 3 మిల్లీమీటర్ల సూటు కలిస్తే తొమ్మిది పది కిలోలవుతుంది. సిలిండర్లు, సీసం పడవే ఇస్తుంది. తొలి యాత్రకు బీసీడీ అద్దెకు తీసుకుని, మాస్కు, కంప్యూటర్, సూటు సొంతంగా తీసుకెళ్లడం తెలివైన పని. మాస్కు, కంప్యూటర్, మందులు, లాగ్‌బుక్, సర్టిఫికెట్ కార్డు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద సంచి దారితప్పినా యాత్ర ఆగదు. గట్టి సూట్‌కేసు వద్దు, క్యాబిన్‌లో దాన్ని పెట్టే చోటుండదు. అదనపు మాస్కు పట్టీ, మౌత్‌పీస్, కొన్ని ఓ-రింగులు, ప్లాస్టిక్ టైలు ఒక డబ్బాలో వేసుకోండి. పది రూపాయల రింగు లేక డైవ్ పోగొట్టుకోవడం బాధాకరం. నీళ్లు 28 డిగ్రీలున్నా చలేస్తుంది, ఎందుకంటే నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నాలుగో డైవ్‌కు వణుకు మొదలవుతుంది కనుక సూటు తప్పనిసరి.

పడవ ఊగుడుకు ఆవోమిన్ వేసుకునే అలవాటు మనవాళ్లలో ఉంది. దానితో మత్తు వస్తుంది, మత్తుతో నీళ్లలోకి దిగడం మంచిది కాదు. డాక్టరును అడిగి తగిన మందు రాయించుకుని, ముందుగా ఇంటి దగ్గరే ఒకసారి వేసుకుని చూడండి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ వంటివి ఉంటే డైవింగ్‌కు అనుమతి పత్రం రాతపూర్వకంగా తీసుకోవాలి. జలుబు చేసిన రోజు డైవ్ మానుకోవాలి, ఎంత డబ్బు కట్టి వచ్చినా సరే. ఒత్తిడి గదిలో చికిత్స ఖర్చును భరించే డైవింగ్ బీమా లేకుండా పడవ ఎక్కొద్దు.

నెల ఎంచుకోవడానికి మన తుపాన్లే పాఠం. 2014లో విశాఖను అక్టోబర్ 12న కూల్చిన హుద్‌హుద్, అదే నెల 8న అండమాన్ దాటి వచ్చింది. అండమాన్‌కు జనవరి నుంచి ఏప్రిల్ వరకు నమ్మదగిన కాలం.

పడవను ఎంచుకునేటప్పుడు ధర కన్నా ముందు నిప్పు గురించి అడగండి. 2019 సెప్టెంబర్ 2 తెల్లవారుజామున కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవింగ్ పడవ తగలబడి 34 మంది చనిపోయారు. వాళ్లు కింది అంతస్తులో నిద్రపోతున్నారు. బయటికి రెండు దారులున్నా, రెండూ మంటలున్న ఒకే గదిలోకి తెరుచుకున్నాయి. రాత్రి కాపలా తిరిగే మనిషి లేడని విచారణలో తేలింది. మొదటి రాత్రే మీ మంచం నుంచి రెండు దారులూ నడిచి చూసుకోండి. టార్చి, కెమెరా బ్యాటరీలు నిద్రపోయే వేళ ఛార్జింగ్‌లో ఉంచొద్దు. విడి లిథియం బ్యాటరీలు విమానంలో చేతి సంచిలోనే పెట్టాలి, 100 వాట్-అవర్ దాటితే ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. రాత్రంతా మెలకువగా తిరిగే కాపలా ఉందా, కింది గది నుంచి రెండో దారి ఎక్కడికి తెరుచుకుంటుంది అని అడ్వాన్స్ కట్టకముందే అడగండి. సూటిగా జవాబు రాకపోతే ఇంకో పడవ చూసుకోండి.