మీ మందుల డబ్బాలో సల్ఫా మాత్ర ఉందా?

ఒకసారి మీ ఇంట్లో మందుల డబ్బా తీసి చూడండి. జ్వరం మాత్రలు, అమృతాంజనం, సగం తాగిన దగ్గు మందు... వాటి అడుగున ఎప్పుడో మూత్రంలో మంటకు కొన్న సెప్ట్రాన్ మాత్రలు నాలుగు మిగిలి ఉండొచ్చు. అవి సల్ఫా మందులే.

వీటి వెనుక ఒక తండ్రి కథ ఉంది. జర్మనీలో గెర్హార్డ్ డోమాక్ అనే డాక్టరు 1932లో ప్రోంటోసిల్ అనే ఎర్ర రంగును జబ్బు చేసిన ఎలుకలకిచ్చి చూశాడు. అవి బతికాయి! 1935లో ఆయన చిన్నారి కూతురి చేతికి సూది గుచ్చుకుంది. కుట్టుపనిలో మనకు రోజూ గుచ్చుకునేదే కదా అనుకుంటాం. కానీ ఆ పిల్లకు చీము పట్టి, విషం పైకి పాకింది. చెయ్యి తీసేయాలన్నారు. తండ్రి తన మందే వేశాడు. చెయ్యీ దక్కింది, పిల్లా దక్కింది. 1939లో ఆయనకు నోబెల్ బహుమతి ఇస్తే హిట్లర్ ప్రభుత్వం పుచ్చుకోనివ్వలేదు. పతకం 1947లో అందింది, డబ్బు మాత్రం రాలేదు పాపం.

పెన్సిలిన్ రాకముందు బాలింత జ్వరంతో పోవలసిన తల్లులెందరినో కాపాడింది ఈ మందే.

ఇదెలా పనిచేస్తుందంటారా? ఫోలిక్ యాసిడ్ మనకు ఆకుకూరల్లో, పప్పుల్లో దొరుకుతుంది. చాలా రకాల బ్యాక్టీరియా మాత్రం దాన్ని సొంతంగా వండుకోవాలి. సల్ఫా ఆ వంటలోని అసలు దినుసులాగే ఉండి, దాని చోట్లో దూరి వంట చెడగొడుతుంది. జలుబు చేసే వైరస్‌కు ఈ వంటే లేదు. కాబట్టి పిల్లాడి ముక్కు కారుతోందని ఈ మాత్ర వేయకండి.

కొందరికి సల్ఫా అసలు పడదు. ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుళ్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ‘వేడి చేసింది’లే అని మజ్జిగ తాగి ఊరుకోకండి. మాత్ర ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. అరుదే అయినా, చర్మం ఊడిపోయి ప్రాణం మీదకు వచ్చే సందర్భాలున్నాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. వాడేవాళ్లు నీళ్లు బాగా తాగాలి.

కాలిన గాయాలకు రాసే సిల్వర్ సల్ఫాడయజిన్ అనే తెల్ల క్రీము కూడా ఈ కుటుంబంలోదే. అందుకే మీ ఇంట్లో ఎవరికైనా పడకపోతే, వాళ్ల ఆస్పత్రి చీటీల ఫైలు పైన ‘సల్ఫా పడదు’ అని ఎర్ర సిరాతో ఇవాళే రాసిపెట్టండి.