కారు ఏసీల గ్యాస్ అయిపోదు.. కారిపోతది!

ఎండలు ముదిరితే చాలు, ఏసీ షెడ్ల ముందట కార్లు వరుస కడుతయి. "అన్నా, ఏసీ సల్లగ వస్తలేదు" అని అంటమో లేదో, లోపటికెళ్లి జవాబు తయారుగ ఉంటది: "గ్యాస్ అయిపోయింది, కొట్టియ్యాలె." వెయ్యిన్నరో రెండు వేలో చేతుల పెడితే పావుగంటల పని ఖతం. గాలి సల్లగ వస్తది, మనోడు ఖుషీగ ఇంటికి పోతడు. రెండు నెలలు గడువంగనే మళ్ల అదే షెడ్డు, అదే మాట, అవే పైసలు.

నేను మెకానిక్‌ను కాదు. క్యాబ్ డ్రైవర్ల కష్టసుఖాల కోసం వాళ్ల నడుమ తిరిగేటోన్ని. పెద్ద సదువులు సదువలే. ఈ ఏసీ సంగతులన్నీ షెడ్లల్ల కూసొని అడిగి, కార్ల మాన్యువళ్లు తిరగేసి తెలుసుకున్నయే. ఎందుకింత పట్టుకున్ననంటే, ఊర్లె ఎకరం రెండెకరాలు ఉన్న ఇంట్లకెళ్లి వచ్చిన పిలగాడు ఫైనాన్సుల కారు తీసి పట్నంల నడుపుతడు. వానికి ఏసీ సోకు కాదు, బతుకు లెక్క. 2024 ఎండాకాలంల హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు కిరాయి గిట్టుబాటు అయితలేదని 'నో ఏసీ' ప్రచారం చేసిండ్రు. ఏసీ నడిపితేనే ఖర్చు మీదపడే మనిషి దగ్గర, నెల నెలకు గ్యాస్ పేరు మీద పైసలు గుంజుడు ఎంత అన్యాయమో ఆలోచించుర్రి.

అందుకే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఒక్క ముచ్చట గట్టిగ చెప్పాలె. ఏసీల గ్యాస్ అయిపోయేది కాదు. తక్కువైందంటే ఎక్కడనో కారుతుంది.

రంజన్ల నీళ్లు ఎందుకు సల్లబడుతయి?

పెట్రోల్ కాలుతది, పొగైపోతది, కాబట్టి అయిపోతది. ఏసీ గ్యాస్ అట్ల కాదు. అది మూత బిగించిన పైపులల్ల తిరుగుతనే ఉంటది.

మనింట్ల రంజన్ చూడుర్రి. మట్టి కుండకు చెమ్మ పట్టి, ఆ చెమ్మ ఆవిరయ్యేటప్పుడు వేడిని గుంజుకపోతది. అందుకే లోపటి నీళ్లు సల్లబడుతయి. కారు ఏసీల గుడ ఇదే కథ. నీళ్లకు బదులు వేరే ద్రవం ఉంటది, అంతే తేడా. మన దగ్గర ఎక్కువ కార్లల్ల వాడేది ఆర్-134ఏ. మామూలు గాలి ఒత్తిడిల ఇది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతది.

ఇంజిన్ పక్కన ఉండే కంప్రెసర్ ఈ గ్యాస్‌ను గట్టిగ ఒత్తి వేడి చేస్తది. అది ముందట రేడియేటర్ దగ్గర ఉండే కండెన్సర్ల వేడిని బయటికి వదిలి ద్రవమైతది. తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్న సందుల నుంచి దూరి, డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌ల మళ్ల ఆవిరైతది. ఆవిరయ్యేటప్పుడు కారు లోపటి వేడిని గుంజుకుంటది. అక్కడికెళ్లి మళ్ల కంప్రెసర్‌కు. గిట్ల సుట్టు తిరుగుడే దాని పని. ఏండ్లకేండ్లు తిరిగితే రబ్బరు పైపులల్లకెళ్లి, సీళ్లల్లకెళ్లి కొన్ని గ్రాములు పోవచ్చు. గని రెండు నెలలకే ఖాళీ అయిందంటే అది ఓటి కుండే. ఓటి కుండల ఎన్ని నీళ్లు పోస్తే ఏం ఫాయిదా?

మొదలు గ్యాసే తక్కువైందా చూడాలె

సల్లగ రాకపోతే ప్రతిసారి గ్యాసే కారణం కాదు. లోపట క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతోని నిండితే గాలే రాదు. కండెన్సర్ మీద దుమ్ము, గడ్డి, పత్తి పీసు పట్టుకుంటే వేడి బయటికి పోదు. మన ఊర్ల రోడ్ల మీద తిరిగే బండ్లకు ఇది మామూలే. కండెన్సర్ ఫ్యాన్ తిరుగకపోతే, బండి ఆగినప్పుడు గాలి వేడిగ వచ్చి, ఉరికేటప్పుడు సల్లగ వస్తది. ఇవి చూడకుండ గ్యాస్ పైపు తగిలించేటోన్ని జర ఆపుర్రి.

గ్యాస్ నిజంగ తక్కువైతే, లీకు దొరకవట్టాలె. సైకిల్ ట్యూబు పంచరైతే నీళ్ల తొట్టిల ముంచి బుడగలు చూస్తం కదా, అదే తెలివి ఇక్కడ గుడ పనికొస్తది. పైపులల్ల పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ పెట్టి నింపి, అతుకుల మీద సబ్బు నురుగు పూస్తే బుడగలు లేస్తయి. కొందరు మెరిసే రంగు ఎక్కించి, అల్ట్రావయొలెట్ లైటుతోని చూస్తరు. గ్యాస్ వాసన పట్టే మిషిన్లు గుడ ఉన్నయి. కండ్లతోని చూసేది ఇంకోటి ఉంది. కంప్రెసర్ నూనె గ్యాస్‌తోని కలిసే తిరుగుతది. కాబట్టి లీకు ఉన్న కాడ నూనె జిడ్డు పట్టి, దాని మీద దుమ్ము అంటుకుంటది.

మా దగ్గరికి వచ్చే ఒక డ్రైవర్ తమ్ముడు ఒక్క ఎండాకాలంల మూడుసార్లు గ్యాస్ కొట్టిచ్చుకున్నడు. ఆఖరికి ఇంకో షెడ్డుల సబ్బు నురుగు పెడితే, గ్యాస్ నింపే మూతి కాడి వాల్వ్ లీకైతుందని తేలింది. టైర్ ట్యూబు వాల్వ్ లెక్క ఉండే చిన్న ముక్క అది. మూడుసార్లు పెట్టిన పైసలల్ల దాని ధర లెక్కకే రాదు.

ఒక హెచ్చరిక. లీకు చూసేటందుకు ఆక్సిజన్ సిలిండర్ పెడుతా అని ఎవరన్న అంటే అక్కడికెళ్లి దూరం జరుగుర్రి. ఒత్తిడిల ఉన్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే పేలుతది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ గాలి గుడ వద్దు. దాంట్ల తేమ ఉంటది, గ్యాస్‌తోని కలిస్తే ప్రమాదం గుడ.

వ్యాక్యూమ్ కొట్టకపోతే ఏమైతది?

లీకు బాగు చేసినంక వెంటనే గ్యాస్ ఎక్కియ్యొద్దు. పైపులల్ల గాలి, తేమ చేరి ఉంటయి. వాటిని పంపుతోని గుంజెయ్యాలె. దీన్నే షెడ్డుల 'వ్యాక్యూమ్ కొట్టుడు' అంటరు. నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతయని బడిల సదువుకున్నం. ఒత్తిడి బాగ తగ్గిస్తే అవే నీళ్లు 30 డిగ్రీల కాడనే మరిగి ఆవిరైపోతయి. పంపు చేసే పని గదే. పైపుల ఎక్కడ తేమ దాగున్నా ఆవిరి చేసి బయటికి గుంజుతది.

దీనికి టైం కావాలె. తక్కువల తక్కువ అరగంట నడిపియ్యాలె. తర్వాత పంపు బంద్ చేసి, పది పదిహేను నిమిషాలు గేజీల ముల్లు దిక్కు చూడాలె. ముల్లు కదలకుంటే సరే. పైకి లేస్తుందంటే లీకు ఇంక ఉన్నట్టో, తేమ మిగిలినట్టో.

పావుగంటల పని అయిపోయిందంటే, ఎక్కువగ ఈ వ్యాక్యూమ్‌నే ఎగ్గొట్టినట్టు. తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కాడ మంచు గడ్డకట్టి తొవ్వ బంద్ చేస్తది. నూనెతోని, గ్యాస్‌తోని కలిసి యాసిడ్ లెక్క తయారై పైపులను, కంప్రెసర్‌ను లోపటికెళ్లి తింటది. కంప్రెసర్ పోయిందంటే వేలకు వేలు. అరగంట మిగిల్చుకున్న షెడ్డోనికి పోయేదేం లేదు, కిస్తీలు కట్టేటోని నడ్డి ఇరుగుతది.

గేజీ కాదు, కాంటా ముఖ్యం

ఎంత గ్యాస్ నింపాలె? బానెట్ లేపితే లోపట ఒక స్టిక్కర్ ఉంటది. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని దాని మీద రాసి ఉంటది. చిన్న కార్లల్ల చానా వాటికి 350 నుంచి 500 గ్రాముల నడుమ పడుతది. ఈ లెక్క గేజీ చూసి తెల్వదు.

ఇంట్ల వంట గ్యాస్ సిలిండర్ యాది చేసుకోుర్రి. సగం ఉన్నా, పావు ఉన్నా పొయ్యి మంట ఒక్క తీరే వస్తది. ఎంత మిగిలిందో తెల్వాలంటే లేపి బరువు చూడాలె. లోపట ద్రవం ఉన్నంతసేపు ఒత్తిడి వేడిని బట్టి ఉంటది, ఎంత ఉందనే దాన్ని బట్టి కాదు. కారు ఏసీల గుడ అంతే. ఇంజిన్ బంద్ చేసి 30 డిగ్రీల కాడ గేజీ పెడితే, లోపట 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా ముల్లు 100 పీఎస్ఐకి దగ్గర్లనే నిలబడుతది. బండి నడిచేటప్పుడు చూసే గేజీ రోగం ఏందో చెప్పేటందుకు పనికొస్తది. కొలత మాత్రం కాంటా మీదనే. అందుకే లోపట మిగిలిన గ్యాస్‌ను రికవరీ మిషిన్‌తోని వేరే సిలిండర్‌లకు తీసి, వ్యాక్యూమ్ కొట్టి, కొత్తగ తూకం వేసి నింపుడే సరైన పద్ధతి.

"ఎక్కువ కొడితే ఎక్కువ సల్లగ" అనేది గుడ అబద్ధం. ఎక్కువైతే ఒత్తిడి పెరిగి సల్లదనం తగ్గుతది, కంప్రెసర్ మీద బరువు పడుతది, మైలేజీ పోతది. గ్యాస్‌తోపాటు నూనె ఎంత పోయిందో చూసి, అంతే నింపాలె. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లల్ల కరెంటుతోని నడిచే కంప్రెసర్లకు వేరే రకం నూనె ఉంటది. మామూలు కారు నూనె అండ్ల పోస్తే కరెంటు పారే ప్రమాదం ఉంది. అవి తెలిసినోళ్ల చేతులల్లనే పెట్టాలె.

డబ్బా కొని మనమే కొట్టుకుంటే?

ఆన్‌లైన్‌ల గ్యాస్ డబ్బా, పైపు దొరుకుతున్నయి. వీడియో చూసి చేద్దమనుకునే తమ్ముళ్లు చానా మంది. డబ్బాను లో సైడ్ మూతికే తగిలియ్యాలె. నడిచే బండిల హై సైడ్‌కు తగిలిస్తే ఒత్తిడి ఎదురు తన్ని డబ్బా పగుల్తది. డబ్బా బోర్లించి పట్టుకుంటే ద్రవం నేరుగ కంప్రెసర్‌లకు పోయి దాన్ని పాడు చేస్తది. ద్రవం చేతి మీద పడితే చర్మం గడ్డకడుతది, కంట్ల పడితే చూపుకే మోసం. డబ్బాతోని నింపినా వ్యాక్యూమ్ ఉండదు, తూకం ఉండదు, లీకు ఉన్న కాడనే ఉంటది. అందుకే వద్దంటున్న.

నకిలీ గ్యాస్ భయం ఇంకోటి. చౌకగ వస్తుందని వంట గ్యాస్ లాంటివి కలిపితే బండి లోపటనే నిప్పు పెట్టుకున్నట్టు. 2011ల ఓడల మీద పోయే ఫ్రీజర్ కంటైనర్లల్ల ఆర్-134ఏ పేరు మీద కల్తీ గ్యాస్ నింపితే, అది అల్యూమినియంతోని కలిసి పేలింది. వియత్నాంల, బ్రెజిల్‌ల ముగ్గురు కార్మికులు పాణాలు పోగొట్టుకున్నరు. ఓనర్లెవరూ సావలే. పాన పట్టుకొని పని చేసేటోడే సచ్చిండు.

గాలిల కలిపేస్తే ఎవరికి నష్టం?

చానా షెడ్లల్ల పాత గ్యాస్‌ను 'తుస్స్' మని బయటికి ఇడుస్తరు. పాత కార్లల్ల ఉండే ఆర్-12 ఓజోన్ పొరకు చిల్లు పెడుతుందని 1987ల మాంట్రియల్ ఒప్పందం చేసుకొని బంద్ చేసిండ్రు. దాని జాగల వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌ను ముట్టదు, గని భూమిని వేడెక్కిస్తది. ఒక కిలో గ్యాస్ సుమారు 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తోని సమానం. అంటే ఒక చిన్న కారుల 400 గ్రాములు గాలిల ఇడిస్తే, దగ్గర దగ్గర 250 లీటర్ల పెట్రోల్ కాల్చినంత.

అందుకే 2016ల కిగాలిల దేశాలన్నీ కూసొని ఈ జాతి గ్యాసులను తగ్గియ్యాలని ఒప్పుకున్నయి. మన దేశం 2021ల దానికి ముద్ర వేసింది. 2028 నుంచి పెరుగుదల ఆపాలె, 2032 నుంచి తగ్గియ్యాలె, 2047 నాటికి 85 శాతం తగ్గాలె. యూరప్‌ల 2017 నుంచి కొత్త కార్లల్ల ఆర్-134ఏ పెట్టుడే బంద్. దాని జాగల వచ్చిన ఆర్-1234వైఎఫ్‌తోని భూమి వేడెక్కుడు చానా తక్కువ, గని దానికి కొంచెం అంటుకునే గుణం ఉంది. ఒకదాంట్ల ఒకటి కలపొద్దు.

వేడి పెరిగితే ఏసీ కారుల కూసున్నోనికి తెల్వకపోవచ్చు. ఎండల నాట్లేసే అక్కకు, ఉపాధి పనికి పోయే అవ్వకు తెలుస్తది.

ఇక్కడ షెడ్డుల పిలగాన్ని తిట్టి చేతులు దులుపుకుంటే న్యాయం కాదు. నేను తిరిగిన షెడ్లల్ల చానా మందికి చేతులకు గ్లౌజులు లేవు, కండ్లకు అద్దాలు లేవు. వాళ్లకు నేర్పినోడు లేడు. రికవరీ మిషిన్ కొనేంత పైసలు చిన్న షెడ్డోని దగ్గర ఉండవు. 2019ల కేంద్రం తెచ్చిన కూలింగ్ యాక్షన్ ప్లాన్‌ల లక్ష మంది టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తమని రాసుకున్నరు. ఆ శిక్షణ మండల కేంద్రంల పని చేసే పిలగాని దాకా రావాలె. ఐటీఐలల్ల కార్ల ఏసీ పని చేతుల పెట్టి నేర్పాలె. నాలుగైదు షెడ్లు కలిసి ఒక మిషిన్ కొనుక్కునే తీరు సబ్సిడీ ఇయ్యాలె. ఊరి యువకులకు ఇది మంచి బతుకుదెరువు గుడ. ఏసీ కార్లు పెరుగుతనే ఉన్నయి, పని తెలిసినోళ్లే తక్కువ.

అప్పటిదాకా మన చేతుల ఉన్నది అడుగుడే. షెడ్డుకు పోతే ఐదు మాటలు అడుగుర్రి:

లీకు ఎక్కడుందో చూపిస్తవా?
మిగిలిన గ్యాస్‌ను దేంట్లకు తీస్తవు?
వ్యాక్యూమ్ ఎంతసేపు కొడుతవు?
బానెట్ స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములుంది?
కాంటా ఏది?

పని తెలిసినోడు ఈ మాటలకు కోపానికి రాడు, ఖుషీగ చూపిస్తడు. అసొంటోనికి రెండు వందలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. టైం పడుతదంటే ఛాయ్ తాగి రార్రి, "జల్ది చెయ్యి" అని తొందర పెట్టకుర్రి. "గవన్నీ నీకెందుకు" అన్నడనుకో, బండి తిప్పి ఇంకో షెడ్డుకు పోవుర్రి.